యెరూషలేము యాత్రకు బృందాన్ని సిద్ధం చేసేటప్పుడు

మా సంఘం వాళ్ళను పరిశుద్ధ దేశానికి మూడుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి ఎనిమిది రోజుల్లో ముప్పైకి పైగా స్థలాలు చూపించాను. తిరిగొచ్చాక ఒక అక్క ఫోటోలు చూసుకుంటూ "ఇది కానానా, నజరేతా?" అని అడిగింది. ఆమె అడిగిందేమో చిన్న ప్రశ్న, నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. అప్పటినుంచి రోజుకు మూడు చోట్ల కంటే ఎక్కువ పెట్టడం లేదు. ట్రావెల్స్ వాళ్ళు లిస్టు పెంచి చూపిస్తారు, మీరు కొట్టేయండి.

బయలుదేరడానికి ముందు కనీసం నాలుగుసార్లు అందరూ కలిసి కూర్చోవాలి. సామాన్ల సంగతి ఒక్కరోజు చాలు: భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు, రాళ్ళ మెట్లమీద జారని చెప్పులు. మన ప్రభుత్వం ఇచ్చే ప్రయాణ సూచనలు బుకింగ్‌కు ముందు ఒకసారి, బయలుదేరే వారం మళ్ళీ చూడండి. ఇన్సూరెన్స్ కాగితంలో యుద్ధం గురించి ఏం రాశారో చదవండి, చాలా పాలసీలు దాన్ని మినహాయిస్తాయి. యాత్ర ఆగిపోతే డబ్బు ఎంత వెనక్కి వస్తుందో రాయించుకోండి.

మిగతా మూడు కూటాలూ వినడం నేర్చుకోవడానికే. మన తెలుగు బైబిల్లో శాంతికి 'సమాధానం' అని వాడారు. బయట అదే మాటకు జవాబు అని అర్థం. ఎదుటి మనిషి తన బాధ సగం కూడా చెప్పకముందే మనం వాక్యం ఎత్తి జవాబు చెప్పేస్తాం. రెండో యాత్రలో బేత్లెహేములో ఒక దుకాణం ఆయన తన పొలం పోయిన సంగతి చెబుతుంటే మావాళ్ళలో ఒకరు ప్రవచనాలు వివరించడం మొదలుపెట్టారు. ఆయన మాట ఆపేసి మళ్ళీ చెక్కబొమ్మలు తుడుచుకోవడంలో పడిపోయాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. అందుకే ఇప్పుడు ఒక నియమం పెట్టాను. యూదులైనా పాలస్తీనీయులైనా, ఎవరు మాట్లాడినా మనం ప్రశ్నలు అడగొచ్చు గాని జవాబులు చెప్పకూడదు. కూటాల్లో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఇదే సాధన చేయిస్తాను.

యాత్ర గలిలయలో మొదలుపెట్టండి, యెరూషలేము చివర్లో ఉండాలి. గలిలయ సముద్రం ఒడ్డున మనసు కాస్త నెమ్మదిస్తుంది. ధన్యతల కొండమీది గుడి ఎనిమిది కోణాలతో ఉంటుంది, ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పిన ఎనిమిది ధన్యతలకు గుర్తుగా. అక్కడ పూర్తిగా ఒక గంట ఇవ్వండి. తలా ఒక వచనం చదివించి, ఏడోదాని దగ్గర ఆగండి: "సమాధానపరచువారు ధన్యులు." సమాధానంగా ఉండేవారు అని కాదు, సమాధానపరచువారు అన్నాడు ప్రభువు. తాము మాట్లాడటం మానేసిన ఒక మనిషి పేరు చిన్న కాగితం మీద రాసుకుని బైబిల్లో పెట్టుకోమని చెప్పండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

లోయదారిలో దక్షిణానికి వస్తూ యొర్దాను నది దగ్గర, యేసు బాప్తిస్మం పొందిన చోటని నమ్మే ఖస్ర్ ఎల్ యహూద్‌లో దిగండి. 1967 ఇశ్రాయేలు-అరబ్బు యుద్ధం తర్వాత ఆ చోటు దశాబ్దాలపాటు మూతపడింది. చుట్టూ ఉన్న మఠాల ఆవరణల్లో పాతిన మందుపాతరలు తీయడం 2018లో మొదలైంది. బాప్తిస్మపు నీళ్ళకు వెళ్ళే దారి పక్కన కంచెకు మందుపాతరల హెచ్చరిక బోర్డులు కనిపిస్తాయి. అక్కడ బస్సులో పాటలు ఆపించండి, ఆ బోర్డులు అందరి కళ్ళా పడాలి.

బేత్లెహేముకు చాలా బృందాలు రెండు గంటలు ఇచ్చి వెనక్కి వచ్చేస్తాయి. మీరు కనీసం ఒక రాత్రి ఉండండి. పాస్‌పోర్టు చేతిలో ఉంచుకోవాలి, చెక్‌పోస్టులో సైనికులను ఫోటో తీయకూడదు. చెక్‌పోస్టు దగ్గర ఇశ్రాయేలు కట్టిన వేర్పాటు గోడ ఎత్తు సుమారు 8 మీటర్లు. జనన దేవాలయం తలుపు మాత్రం నాలుగడుగులే. మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దమ్మ ఒకామె ఒక చెయ్యి రాతి గడపమీద, ఇంకో చెయ్యి నా భుజంమీద వేసి, తల వంచి, మెల్లగా లోపలికి వెళ్ళింది. వెనకున్న ముప్పైమందీ తొందరపెట్టకుండా ఆగారు. లోపల గుహలో పద్నాలుగు కొనల వెండి నక్షత్రం ఉంది. 1847లో అక్కడి నక్షత్రం మాయమైన గొడవ, క్రిమియా యుద్ధానికి దారితీసిన తగాదాల్లో ఒకటి. ముద్దు పెట్టుకునే ముందు ఈ సంగతి చెప్పండి.

ఆదివారం స్థానిక క్రైస్తవులతో ఆరాధించండి. అరబీ అర్థం కాకపోయినా పరలోక ప్రార్థన ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. ఊరికి దగ్గర్లోనే 'టెంట్ ఆఫ్ నేషన్స్' అనే పొలం ఉంది. దాని ద్వారం దగ్గర రాయిమీద "శత్రువులుగా ఉండటానికి మేము ఒప్పుకోము" అనే అర్థంలో రాసి ఉంటుంది. దారికి అడ్డంగా బండలు ఉంటాయి కాబట్టి చివరి కాస్త దూరం నడవాలి. పిల్లలనో అయినవాళ్ళనో ఈ ఘర్షణలో పోగొట్టుకున్న యూదు, పాలస్తీనా కుటుంబాలు 1995లో మొదలైన 'పేరెంట్స్ సర్కిల్' అనే సంస్థలో కలిసి పనిచేస్తున్నాయి. ఒక్కో వైపునుంచి ఒకరు చొప్పున ఇద్దరు వచ్చి పక్కపక్కనే కూర్చుని తమ కథ చెబుతారు. చాలా ముందుగా రాసి అడగండి. ఆ పూట తర్వాత ఇంకేమీ పెట్టకండి.

యెరూషలేములో యేసు సమాధి ఉందని నమ్మే పునరుత్థాన దేవాలయానికి తెల్లవారుజామునే వెళ్ళండి. ఆరు క్రైస్తవ శాఖలు ఆ గుడిని పంచుకుంటున్నాయి. 1852 నాటి టర్కీ (ఒట్టోమన్) సుల్తాను ఆజ్ఞ ప్రకారం ఎవరి మూల వారిదే. తాళంచెవి, తలుపు బాధ్యత తరతరాలుగా రెండు ముస్లిం కుటుంబాలది. ఇది ముందే చెప్పకపోతే, లోపల సన్యాసులు స్థలం కోసం గొంతు పెంచితే మనవాళ్ళు నీరసపడిపోతారు. ముందే తెలిస్తే ఆ చోటే ప్రార్థనకు అంశమవుతుంది.

మనలోనూ గొడవలొస్తాయి. మా బస్సులో ముందు సీటు కోసం ఇద్దరు అక్కలు రెండు రోజులు మాట్లాడుకోలేదు. అప్పటినుంచి రోజూ సీట్లు మారుస్తాను, ఎవరి పక్కన ఎవరో నేనే రాసి అంటిస్తాను.

చివరి సాయంత్రం ఒలీవల కొండమీద, ప్రభువు ఏడ్చిన చోట కట్టిన కన్నీటిబొట్టు ఆకారపు గుడి దగ్గర, పట్టణం కనిపించేలా కూర్చోండి. లూకా 19వ అధ్యాయం చదివి, బైబిల్లో దాచిన కాగితాలు తీయమనండి. మూడో యాత్రలో ఒక అన్న అక్కడినుంచి లేచి గోడ చివరికి వెళ్ళి, ఆస్తి తగాదాతో తొమ్మిదేళ్ళుగా పలకరించని తమ్ముడికి ఫోన్ చేశాడు. మొదటి రెండుసార్లు తమ్ముడు ఎత్తలేదు. కాబట్టి ఆ రాత్రి ఏ ప్రోగ్రామూ పెట్టకండి, అందరి ఫోన్లలో నెట్ ఉండేలా చూడండి.