అప్పు చరిత్ర చదవడం నేర్చుకుందాం – 3: ముప్పై ఆరు గడులు

పోయిన పాఠంలో మీ అప్పుల చరిత్ర అంతా ఉండే క్రెడిట్ రిపోర్టును ఉచితంగా ఎలా తెప్పించుకోవాలో చూశాం. మన దేశంలో ఈ చరిత్రను భద్రపరిచే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇచ్చి తీరాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది కాబట్టి, ఈపాటికి మీ దగ్గర కనీసం ఒక్కటైనా ఉండి ఉంటుంది. దాన్ని కాగితం మీద అచ్చు వేయించుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చోండి. ఫోను తెరమీద వేలితో పైకీ కిందికీ జరుపుతూ చదివితే అసలు చూడవలసినవే జారిపోతాయి.

చాలామంది మొదటి పేజీలో పెద్దగా కనిపించే మూడంకెల స్కోరు చూస్తారు. 750 దాటితే సంతోషం, దాటకపోతే దిగులు. అక్కడితో రిపోర్టు మూసేస్తారు. 300 నుంచి 900 దాకా ఉండే ఆ అంకెను వెనక పేజీల్లోని వివరాల నుంచే లెక్కకట్టారు. 750 ఏ చట్టంలోనూ రాసిన గీత కాదు. క్రెడిట్ కార్డు ఇవ్వడానికి కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా చెప్పలేదు. ఒక్కో బ్యాంకు తన గీత తానే గీసుకుంటుంది. స్కోరు గడప దాటిస్తుందంతే. లోపలికి వెళ్ళాక బ్యాంకు మీ ఆదాయాన్ని, ఉద్యోగాన్ని, ఇప్పటికే కడుతున్న వాయిదాలను, వాటితోపాటు ఈ వెనక పేజీలను చూస్తుంది. మంచి స్కోరు ఉండి కూడా కార్డు రానివారు, కారణాన్ని ముందుగా అక్కడే వెతకాలి.

పేరు దగ్గర మొదలుపెడదాం. మన తెలుగువాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఒక్క అక్షరమై కూర్చుంటుంది, పాన్ కార్డులో పూర్తిగా విడమరిచి ఉంటుంది, ఆధార్‌లో చివరికి చేరుతుంది. పెళ్ళయ్యాక కొందరు ఆడవాళ్ళ ఇంటిపేరు మారుతుంది. బంగారం మీద అప్పు ఒక పేరుతో, బండి అప్పు ఇంకో పేరుతో తీసుకుంటే, ఒకే మనిషి చరిత్ర రెండు ముక్కలు కావచ్చు. లేదా అదే పేరున్న మరొకరి అప్పు వచ్చి మీ కింద చేరవచ్చు. శ్రీనివాసరావులు, వెంకటలక్ష్ములు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు కదా. అందుకే పేరు, పుట్టిన తేదీ, పాన్ అంకె, పాత చిరునామాలు, ఫోను నంబర్లు ఒక్కొక్కటిగా సరిచూసి పక్కన టిక్కు పెట్టండి. మీరు ఎన్నడూ ఉండని ఊరి చిరునామా కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి.

ఇప్పుడు అసలు పేజీ. ప్రతి అప్పు కిందా, ప్రతి కార్డు కిందా చిన్న చిన్న గడులతో ఒక పట్టిక ఉంటుంది. నెలకో గడి చొప్పున మూడేళ్ళకు ముప్పై ఆరు గడులు. గడిలో ఉన్నది గడువు దాటి ఎన్ని రోజులైందో చెప్పే అంకె. 000 అంటే బాకీ ఏమీ నిలవలేదు. 026 అంటే ఆ నెల లెక్కను బ్యాంకు ఈ సంస్థలకు పంపేనాటికి ఇరవై ఆరు రోజులు ఆలస్యం. ఎక్స్ అనే అక్షరం మూడుసార్లు ఉంటే ఆ నెల వివరాలను బ్యాంకు పంపలేదని అర్థం, అది మీ తప్పు కాదు. కొన్ని బ్యాంకులు అంకెకు బదులు ఎస్‌టీడీ అని రాస్తాయి. ఖాతా సవ్యంగా ఉందని దాని భావం.

మా చెల్లెలి రిపోర్టు ముందు పెట్టుకుని ఈ గడులు చదివిన సాయంత్రాన్ని మీకు చెప్పాలి. ఆమె ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. ఇంటి అప్పు వాయిదా పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. కిందటేడు కొత్త కార్డుకు దరఖాస్తు పెడితే తిరస్కరించారు. రిపోర్టు తీస్తే ఇంటి అప్పు కింద గడులన్నీ 000. మరో పేజీలో, ఫ్రిజ్ కొనేటప్పుడు తగ్గింపు కోసం తీసుకుని ఒక్కసారి గీసి బీరువాలో పడేసిన కార్డు ఉంది. దాని కింద 2024 ఏప్రిల్ గడిలో 000, మేలో 026, జూన్‌లో 056, జూలైలో 087, మళ్ళీ ఆగస్టు నుంచి 000.

"అక్కా, ఆ కార్డు నేను వాడనేలేదు కదా!" అంది.

ఆ ఒక్కసారి తప్ప వాడలేదు, నిజమే. కానీ 500 రూపాయల వార్షిక రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ, కలిపి 590 రూపాయలకు బిల్లు వచ్చింది. బిల్లు పాత ఫోను నంబరుకు వెళ్ళింది. మే 5 గడువు. ఆ రోజు నుంచి లెక్కపెట్టండి: మే 31కి ఇరవై ఆరు రోజులు, జూన్ 30కి యాభై ఆరు, జూలై 31కి ఎనభై ఏడు. ఎవరో ఆమె కొత్త నంబరు కనుక్కుని ఫోను చేస్తే ఆగస్టు 1న ఆలస్య రుసుములతో సహా కట్టేసింది. ఇంకో మూడు రోజులు గడిచి 90 దాటి ఉంటే ఆ ఖాతా నిరర్థక ఆస్తుల పద్దులోకి, అంటే బ్యాంకు మొండి బాకీల లెక్కలోకి, వెళ్ళేది. పదకొండేళ్ళ క్రమశిక్షణ పక్కన మూడు గడులు. బ్యాంకు కన్ను ఆ మూడింటి మీదే ఆగింది. ఆ గడులు చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నాకూ బాధేసింది. ఎగవేత బుద్ధి ఆమెలో రవ్వంత లేదు, కాగితం మాత్రం 087 అని చెబుతోంది.

ఇందులో నేర్చుకోవలసినవి రెండున్నాయి. బ్యాంకు దృష్టిలో 590 రూపాయల ఆలస్యం కూడా ఆలస్యమే, గడిలో పడేది రోజుల సంఖ్య. కార్డు బాకీ గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్యంగా నమోదు చేయాలని రిజర్వు బ్యాంకు నియమం. ఆ మూడు రోజుల వెసులుబాటు దాటితే 590కీ యాభై తొమ్మిది వేలకూ గడిలో తేడా కనిపించదు. రెండోది, వాడని కార్డును బీరువాలో పెట్టడం కాదు, మూయించాలి. బాకీ లేని కార్డును మూసేయమని మీరు అడిగితే బ్యాంకు ఏడు పనిదినాల్లో మూయాలి. జాప్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మీకే చెల్లించాలి. మూశాక బాకీ లేదనే పత్రం అడిగి తీసుకోండి. అయితే రుసుము లేని పాత కార్డు ఉంటే దాన్ని ఉంచుకోవడమే మేలు, ఎందుకంటే మీ చరిత్ర ఎంత పాతదైతే అంత బలం.

తర్వాత చూడవలసింది కార్డు పరిమితి, అందులో మీ వాడుక. ఇక్కడ నిజాయితీగా కట్టేవారు కూడా నష్టపోతున్నారు. ఒకరి పరిమితి 50,000 అనుకుందాం. నెలకు 42,000 గీస్తారు, గడువులోపు పైసా మిగల్చకుండా కడతారు. గడులన్నీ 000. కానీ బ్యాంకు వివరాలు పంపిన రోజున ఖాతాలో 42,000 బాకీ కనిపిస్తే, పరిమితిలో 84 శాతం వాడినట్టు లెక్క. చూసేవారికి ఈ మనిషి చేతిలో డబ్బు ఆడడం లేదేమో అన్న అనుమానం వస్తుంది. మందు తేలిక. నెల మధ్యలోనే, బిల్లు పడకముందే, 30,000 కట్టేయండి. అప్పుడు కనిపించేది 12,000, అంటే 24 శాతం. ముప్పై శాతం లోపు ఉంచుకోమని ఈ రంగంలో అందరూ చెప్పే మాట. 2025 జనవరి నుంచి బ్యాంకులు ఈ వివరాలను నెలకోసారి కాకుండా కనీసం పదిహేను రోజులకోసారి పంపాలి కాబట్టి, మంచి మార్పు కూడా రిపోర్టులో త్వరగా కనిపిస్తుంది.

బిల్లులో చూపిన కనీస మొత్తం మాత్రమే కట్టి ఊరుకునేవారికి ఒక మాట. గడిలో 000 పడుతుంది, నిజమే. కానీ మిగిలిన బాకీ మీద వడ్డీ చాలా కార్డుల్లో నెలకు మూడు శాతం పైమాటే. పైగా వాడుక శాతం దిగదు.

ఖాతా స్థితి అనే చోట ఏ మాట ఉందో చూడండి. క్లోజ్డ్ అంటే పూర్తిగా తీరిన అప్పు. సెటిల్డ్ అంటే మీరు ఇవ్వవలసిన దానికన్నా తక్కువ తీసుకుని బ్యాంకు వదిలేసింది. లక్ష బాకీకి నలభై వేలు కడితే చాలన్నారని సంబరపడి సంతకం చేసినవారు, ఏళ్ళ తర్వాత కార్డుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోతారు. మీ రిపోర్టులో సెటిల్డ్ అని ఉండి, ఇప్పుడు చేతిలో డబ్బు ఉంటే, మిగిలిన మొత్తం కట్టి స్థితి మార్పించుకునే వీలు ఉందేమో ఆ బ్యాంకునే అడగండి. డబ్బు తీసుకుని స్కోరు పెంచుతామనే దళారులను నమ్మకండి. నిజమైన గడిని ఎవరూ చెరపలేరు, తప్పుడు గడిని దిద్దించుకోవడానికి డబ్బే అక్కర్లేదు.

అలాగే హామీదారు అనే మాట కోసం వెతకండి. మన ఊళ్ళలో జామీను సంతకం అడిగితే కాదనడం కష్టం. బావమరిదికో, తోటి ఉద్యోగికో పెట్టిన సంతకం మీ రిపోర్టులో ఒక ఖాతాగా ఉంటుంది. ఆయన వాయిదా తప్పితే ఆ మచ్చ మీ చరిత్రలోనూ కనిపిస్తుంది. సంతకం పెట్టి ఉంటే, ఆ అప్పు గడులను కూడా మీవే అనుకుని చూసుకోండి.

చివరి పేజీలో విచారణల జాబితా. మీరు పెట్టిన ప్రతి దరఖాస్తుకూ ఒక వరుస. ఒకే నెలలో ఆరు బ్యాంకుల పేర్లు ఉంటే ఏడో బ్యాంకు వెనకాడుతుంది. ఒకచోట కాదంటే వెంటనే ఇంకోచోట పెట్టకండి. మీ రిపోర్టు మీరే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు.

సున్నా చుట్టిన వాటిలో నిజంగా తప్పులుంటే, రిపోర్టు ఇచ్చిన సంస్థ వెబ్‌సైటులోనే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు రావాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఫిర్యాదులు పరిష్కరించే అధికారి, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ నాలుగు సంస్థలూ 2022 సెప్టెంబరు నుంచి ఆ పరిధిలోకి వచ్చాయి. ఇంకొక హక్కు కూడా గుర్తుంచుకోండి: కార్డు దరఖాస్తును తిరస్కరిస్తే ముఖ్య కారణాలను బ్యాంకు రాతపూర్వకంగా చెప్పాలి. మా చెల్లెలు అడిగాకే చెప్పారు.

ఈ వారం అభ్యాసం. ఒక నోటుపుస్తకంలో మీ పేరున ఉన్న ప్రతి ఖాతాకూ ఒక వరుస గీయండి. అందులో ఖాతా మొదలైన సంవత్సరం, స్థితి, 000 కాని గడులు ఎన్ని, కార్డు అయితే వాడుక ఎంత శాతం అన్నవి రాయండి. 000 కాని ప్రతి గడి ఎదుటా ఆ నెలలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుని ఒక వాక్యం రాయండి. గుర్తు రాకపోతే ఆ నెల బిల్లును బ్యాంకు నుంచి తెప్పించండి.

రిపోర్టులో గడులే లేనివారు, అంటే ఇంతవరకు ఏ అప్పూ తీసుకోనివారు, ఈ అభ్యాసం చేయలేరు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలి దరఖాస్తుదారులను తిప్పి పంపవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో చెప్పింది. అలాంటివారు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే కార్డుతో మొదటి గడిని ఎలా నింపుకోవాలో నాలుగో పాఠంలో చూద్దాం.