తుఫాన్ల సీజన్ రాకముందే టీవీ రికార్డర్ పెట్టించుకోండి: వైజాగ్ వాళ్లు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

దసరా దగ్గర పడుతుంటే మన వైజాగ్‌లో చాలా ఇళ్లల్లో ఈ మాట వస్తుంది, రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్స్ ఒకటి తీసుకుందాం, అమ్మకి సీరియల్ మిస్సవదు, నాన్నకి మ్యాచ్ మిస్సవదు, పండగ ప్రోగ్రాములు తీరిగ్గా చూసుకోవచ్చు అని. మంచి ఆలోచనే. కానీ దసరా టైమంటేనే మనకి తుఫాన్ల టైము. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబర్ 12న, దసరా అయిన కొద్ది రోజులకే. అందుకే చెప్తున్నా, పెట్టించేదేదో ఆగస్టు, సెప్టెంబర్లో వాన తెరిపిచ్చిన రోజు చూసుకుని పెట్టించేయండి, అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ మొదలయ్యాక ఏ టెక్నీషియన్నీ మేడెక్కించకండి. ఇంకో సంగతి, మన ఊళ్లో రికార్డింగ్ పోయేది బాక్స్ వల్ల తక్కువ, మేడ మీద డిష్ వల్లా గోడ మీంచి దిగే వైరు వల్లా కరెంటు ప్లగ్గు వల్లా ఎక్కువ. కిందకి దిగని బొమ్మని ఎంత ఖరీదైన బాక్సైనా దాచలేదు కదా.

ముందు అసలు మీకు రికార్డర్ కావాలా లేదా ఆలోచించండి. ఇంట్లో మంచి నెట్ ఉండి, మీరు చూసే సీరియళ్లన్నీ ఎలాగూ యాప్‌లో దొరుకుతుంటే ఈ ఖర్చు అక్కర్లేదు. నెట్ సరిగ్గా లేని ఇల్లు, రిమోట్ తప్ప ఇంకేదీ ముట్టుకోని పెద్దవాళ్లు, షిఫ్ట్ డ్యూటీ చేసే స్టీల్‌ప్లాంట్, పోర్టు వాళ్లు, వీళ్లకి మాత్రం బాగా పనికొస్తుంది.

కొనేటప్పుడు షాపులో అడగాల్సినవి. రికార్డింగ్ రెండు రకాలు, లోపలే హార్డ్‌డిస్క్ ఉన్న బాక్సులు కొన్ని, వెనక యూఎస్‌బీ పోర్టుకి మనం డిస్క్ పెట్టుకోవాల్సినవి కొన్ని. రెండోరకంలో రికార్డింగ్ ఫీచర్ ఓపెన్ అయి ఉందా, దానికి వేరేగా డబ్బు కట్టాలా అని కచ్చితంగా అడగండి, యూఎస్‌బీ పోర్టు ఉన్నంత మాత్రాన రికార్డ్ అవుతుందని అనుకోవద్దు. డాబాగార్డెన్స్ వైపో ద్వారకానగర్లోనో షాపుకెళ్తే అక్కడే ఒక ఐదు నిమిషాలు రికార్డ్ చేయించి, మళ్లీ ప్లే చేయించి చూడండి. లోకల్ కేబుల్ వాళ్ల బాక్సయినా ఇదే పద్ధతి, మన ఊళ్లో కేబుల్ డిజిటల్ అయింది 2013లో, రెండో విడత సిటీల్లో మనదీ ఉంది, కానీ కేబుల్ బాక్సులన్నిటిలో రికార్డింగ్ ఉండదు.

తర్వాత ట్యూనర్ల సంగతి, ఇది చాలామందికి చెప్పరు. ట్యూనర్ అంటే బాక్సులో ఛానల్‌ని పట్టే భాగం. ఒక ట్యూనర్ బాక్సయితే ఏది రికార్డ్ అవుతోందో మామూలుగా అదే చూడాలి. ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డ్ చేయాలంటే రెండు ట్యూనర్లు ఉండాలి, రెండు ట్యూనర్లుంటే డిష్ దగ్గర ట్విన్ ఎల్ఎన్‌బీ, అంటే డిష్ ముందుండే సిగ్నల్ పట్టే ముక్కలో రెండు వైర్లకి చోటున్న రకం, పెట్టి రెండు వేరే వేరే వైర్లు కిందకి దింపాలి. కొంతమంది టెక్నీషియన్లు పని తగ్గుతుందని పాత వైరుకే ఒక స్ప్లిటర్, అంటే ఒక వైరుని రెండుగా చీల్చే ముక్క, తగిలించి పోతారు, అది పనిచేయదు, ఎందుకంటే బాక్సు అదే వైరులోంచి పైకి 13 వోల్టులో 18 వోల్టులో పంపి ఎల్ఎన్‌బీని ఒక రకం ఛానళ్ల నుంచి ఇంకో రకానికి మారుస్తుంది, ఒక్క వైరు మీద ఒక ట్యూనరు 13 అడిగి ఇంకోటి 18 అడిగితే సగం ఛానళ్లు ఒకదానికి రావు. కొత్తలో బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఏదో ఒక రోజు మాత్రం రికార్డింగ్ ఖాళీగా ఉంటుంది. అందుకే టెక్నీషియన్ వెళ్లకముందే వేరే వేరే ఛానళ్లు నాలుగైదు జతలుగా పెట్టి, ఒకటి రికార్డ్ అవుతుండగా ఇంకోటి చూసి టెస్ట్ చేయండి. డిజిటల్ కేబుల్ వాళ్లకి ఈ వోల్టేజ్ గొడవ లేదు.

హార్డ్‌డిస్క్ దగ్గర ఒకటే ముఖ్యమైన మాట. పెట్టగానే బాక్సు దాన్ని ఫార్మాట్ చేస్తానంటుంది, ఓకే నొక్కితే అందులో ఉన్నదంతా పోతుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు ఉన్న డిస్కు దాని దగ్గరికి కూడా తీసుకురావద్దు, కొత్తది కొనండి, మీద స్టిక్కర్ అంటించి టీవీ డిస్కు అని రాయండి. సైజు విషయానికొస్తే హెచ్‌డీ ఛానల్ గంటకి మూడు, నాలుగు జీబీ దాకా తింటుంది, మామూలు ఛానల్ ఒక జీబీ పైచిలుకు, అంటే 500 జీబీ డిస్కులో హెచ్‌డీ సుమారు 130, 140 గంటలు పడుతుంది, ఒక కుటుంబానికి చాలు. ఇంకా, ఆ రికార్డింగులు చాలా బాక్సుల్లో ఆ బాక్సుకే తాళం వేసి ఉంటాయి, కంప్యూటర్లో పెడితే ఓపెన్ కావు, బాక్సు కాలిపోయి కొత్తది ఇస్తే పాతవి ఆడవు, రీఛార్జ్ అయిపోయినా కొన్నిట్లో తెరుచుకోవు. మీ అమ్మాయి ఏదో టీవీ ప్రోగ్రాంలో డ్యాన్స్ చేస్తే దాన్ని ఈ డిస్కులో జన్మంతా దాచుకుందామని మాత్రం అనుకోకండి, ఆ ఛానల్ వాళ్లనే కాపీ అడిగి తీసుకోండి.

ఇప్పుడు మేడ మీదకి వద్దాం, అసలు జాగ్రత్తలన్నీ అక్కడే. మన వైజాగ్ ఉన్నది సుమారు 83 డిగ్రీల రేఖాంశం మీద, కాబట్టి 83 డిగ్రీల దగ్గరున్న శాటిలైట్‌ని చూసే డిష్ దాదాపు నేరుగా దక్షిణానికి, బాగా పైకి తిరిగి ఉంటుంది. 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్ 15ని, అంటే డీడీ ఫ్రీ డిష్ వాడే దాన్ని, చూసేది ఆగ్నేయం వైపు తిరుగుతుంది. కైలాసగిరి అడ్డమనీ సింహాచలం కొండ అడ్డమనీ భయపడక్కర్లేదు, డిష్ చూపు ఆకాశంలో చాలా ఎత్తుకి ఉంటుంది, నిజంగా అడ్డొచ్చేది పక్కనే లేస్తున్న అపార్ట్‌మెంటు, ఏటా పెరిగే కొబ్బరి చెట్టు. ఇవాళ తగలని కొబ్బరి మట్ట గాలికి ఊగినప్పుడు తగులుతుంది, అది కూడా చూసుకుని చోటు ఎంచుకోండి.

ఎండ బాగున్న రోజు సిగ్నల్ సెట్ చేయించడం ఎందుకంటే, వాన పడ్డప్పుడు బొమ్మ పోవడమనేది డిష్ పాడవడం వల్ల కాదు, ఈ సిగ్నల్ అల పొడవు రెండున్నర సెంటీమీటర్లే, పెద్ద చినుకుల వాన దాన్ని మధ్యలోనే తినేస్తుంది. తెరిపి రోజున క్వాలిటీ అంచున ఉంటే మబ్బు వచ్చిందంటే పోయినట్టే. సెట్టింగ్స్‌లో స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు గీతలుంటాయి, టెక్నీషియన్ స్ట్రెంత్ చూపించి బాగుంది అంటే ఒప్పుకోకండి, క్వాలిటీ గీత ఇక ఇంతకన్నా పెరగదు అనేదాకా డిష్‌ని కొంచెం కొంచెం కదిపించండి, ఆ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత ఏ రోజైనా ఎండలో కూడా ఆ నంబర్ తగ్గిందంటే డిష్ జరిగిందనో జాయింట్ పాడైందనో తెలిసిపోతుంది.

అయితే వానలో సిగ్నల్ పోకుండా పెద్ద డిష్ పెట్టించమని కొందరు సలహా ఇస్తారు. 60 సెంటీమీటర్లది తీసి 90ది పెడితే సిగ్నల్ పట్టే వైశాల్యం రెండింతల పైనే పెరుగుతుంది, నిజమే, కానీ గాలి పట్టే వైశాల్యం కూడా అంతే పెరుగుతుంది. హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది, ఆ గాలికి చిన్న డిష్ మీదే సుమారు 50 కిలోల తోపు పడుతుంది, పెద్దదాని మీద 110 దాటుతుంది, గాలి స్పీడు రెట్టింపయితే తోపు నాలుగింతలు. నా మాట అడిగితే బీచ్‌కి దగ్గర ఇళ్లకి, పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ, భీమిలి వైపు వాళ్లకి, చిన్న డిష్షే బెటర్, దాన్నే గట్టిగా బిగించి సరిగ్గా తిప్పుకోండి. పిట్టగోడ మీద ఇటుక వరస పైన బిగించకండి, కాంక్రీట్ స్లాబులోకో పిల్లర్లోకో యాంకర్ బోల్టులు వేయించండి. ఇసక బస్తా బరువు పెట్టి వదిలేసిన స్టాండు తుఫానులో పక్కింటి వాళ్ల తల మీదకి వెళ్లే వస్తువు.

ఉప్పు గాలి సంగతి మనకి కొత్త కాదు, కిటికీ గ్రిల్లులు ఏమవుతాయో చూస్తూనే ఉన్నాం. డిష్ నట్లు, క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడిగి వేయించుకోండి, కొంచెం ఎక్కువైనా పర్లేదు. ఎల్ఎన్‌బీ దగ్గర వైరు చివర కనెక్టర్‌కి రబ్బర్ తొడుగు వేయించి పైన వాటర్‌ప్రూఫ్ టేపు చుట్టించండి, అక్కడ చిలుము పట్టిందంటే సిగ్నల్ రోజురోజుకి సన్నగా తగ్గుతుంది, ఎవరికీ అర్థం కాదు. వైరు ఇంట్లోకి వచ్చే కన్నం ముందు కిందకి ఒక వంపు వదిలించండి, అప్పుడు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, లేదంటే వైరు పట్టుకుని నేరుగా బాక్సు దాకా వచ్చేస్తాయి. వైరుకి మధ్యలో జాయింట్లు వద్దు, ఒకే ముక్క రావాలి.

ఇక కరెంటు. పెద్దవాళ్లు రాత్రి పడుకునేముందు స్విచ్చులన్నీ ఆపేస్తారు, మంచి అలవాటే, కానీ రికార్డర్ స్విచ్ ఆపితే తెల్లవారుజామున పెట్టిన సుప్రభాతం రికార్డ్ కాదు. రిమోట్‌తో ఆపితే బాక్సు స్టాండ్‌బైలో ఉంటుంది, టైముకి అదే లేస్తుంది. బాక్సుకి విడిగా ప్లగ్గు ఇచ్చి, ఈ స్విచ్ ఆపకండి అని కాగితం అంటించండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని వెనక మోడ్ స్విచ్ చూడండి, యూపీఎస్ మోడ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారడం వేగంగా ఉంటుంది, నార్మల్ మోడ్‌లో ఆ కొద్దిపాటి గ్యాప్‌కే బాక్సు రీస్టార్ట్ అయిపోతుంది. ఏదో చిన్న రికార్డింగ్ నడుస్తుండగా కావాలని మెయిన్ ఒకసారి ఆపి చూడండి, మళ్లీ కరెంటొచ్చాక రికార్డింగ్ కొనసాగిందా ఆగిపోయిందా అన్నది మీ బాక్సే చెప్తుంది. రౌటర్లకి పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కూడా పనికొస్తుంది, కానీ బాక్సు అడాప్టర్ మీద రాసున్న వోల్టులు, ఆంపియర్లు సరిపోవాలి, హార్డ్‌డిస్క్ కూడా అందులోంచే తాగుతుందని మర్చిపోవద్దు. బాక్సు మీద లేసు గుడ్డ కప్పకండి, మన ఉక్కపోతకి దానికీ గాలి కావాలి.

ఉరుములు వచ్చేలా ఉంటే మాత్రం రికార్డింగ్ ఆశ వదులుకోండి. స్పైక్ గార్డ్ ఉంది కదా అని ఊరుకోవద్దు, దగ్గర్లో పిడుగు పడితే అది ఆపలేదు. కరెంటు ప్లగ్గు పీకేయాలి, డిష్ వైరు కూడా బాక్సు వెనక నుంచి విప్పేయాలి, చాలామంది మొదటిది చేసి రెండోది వదిలేస్తారు, పిడుగు కరెంటు డిష్ వైరులోంచి కూడా వస్తుంది. ఈ రెండూ ఉరుము వినపడకముందే, మబ్బు ముసురుకుంటున్నప్పుడే చేయాలి, పక్కన మెరుస్తుంటే వైరు ముట్టుకోకండి.

ఇంకో చిన్నది. సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో, మళ్లీ మార్చిలో, కొన్ని రోజులపాటు పగలు ఒకే టైముకి కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి రావడం వల్ల అది. డిష్ ఎవరితోనూ కదిపించకండి, దానంతటదే సర్దుకుంటుంది.

తుఫాను హెచ్చరిక వచ్చేసిందనుకోండి. తీవ్ర తుఫాను మన మీదకే అంటుంటే, గాలి మొదలవడానికి ముందు రోజే డిష్ దించేయడం మంచిది, దించేముందు పోల్ మీద, క్లాంపు మీద పెయింట్‌తో గీతలు పెట్టి ఫొటో తీసుకుంటే మళ్లీ అదే చోట బిగించడం తేలిక. గాలి మొదలయ్యాక ఎవరూ మేడెక్కొద్దు. తుఫాను కన్ను మీద నుంచి దాటుతుంటే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, అయిపోయిందనుకుని పైకి పరిగెత్తకండి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా వస్తుంది.

రికార్డర్ కొత్తగా పెట్టుకున్నవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. ఈ బాక్సుల్లో లైవ్‌ని పాజ్ చేసి తర్వాత చూసే సౌకర్యం ఉంటుంది, భోజనానికి లేచి పాజ్ చేసి వచ్చి మళ్లీ ప్లే నొక్కితే మీరు చూస్తున్న తుఫాను వార్త అరగంట కిందటిది. తీరం దగ్గరికి వస్తున్నప్పుడు వాతావరణ శాఖ మూడు గంటలకొకసారి బులెటిన్ ఇస్తుంది, మన విశాఖలోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, కాబట్టి వార్తలు చూసేటప్పుడు ముందు లైవ్ బటన్ నొక్కండి, స్క్రీన్ మీద టైమూ ఫోన్‌లో టైమూ ఒకటేనా చూడండి. ఈ ఒక్కటీ ఇంట్లో పెద్దవాళ్లకి దగ్గరుండి నేర్పించండి. హుద్‌హుద్‌కి ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు టీవీ ఎలాగూ రాదు, బ్యాటరీ రేడియో ఒకటి, ఛార్జ్ చేసిన పవర్‌బ్యాంకు ఒకటి ఉంచుకోండి.

అంతా అయిపోయాక కరెంటొచ్చిందని వెంటనే బాక్సు పెట్టేయకండి. వైరు చివర్లు విప్పి చూడండి, తడి ఉంటే పూర్తిగా ఆరాకే తగిలించండి, మొదటి గంటల్లో వోల్టేజ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ఫ్యాను, లైటు నిలకడగా ఉన్నాకే హార్డ్‌డిస్క్ ఉన్న బాక్సు ఆన్ చేయండి. మేడ మీద డిష్ దగ్గర కరెంటు తీగ ఏదైనా తెగి పడుందేమో కింద నుంచే చూడండి, పడుంటే దాన్నీ, డిష్‌నీ, తడిసిన గోడనీ దేన్నీ ముట్టుకోకుండా కరెంటు వాళ్ల నంబర్ 1912కి ఫోన్ చేయండి, వాళ్లొచ్చి లైను ఆపాకే టెక్నీషియన్ని పిలవండి.