సర్వే సాఫ్ట్‌వేర్ కట్టాలంటే ముందు జవాబు సంగతి తేల్చుకోండి

ఆన్‌లైన్ సర్వే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టగానే చాలామంది ఫారం స్క్రీన్ మీద పడతారు. రంగులు, బటన్లు అన్నీ కుదిరాక తీరిగ్గా డేటాబేస్ దగ్గరికొస్తారు. ఇది తలకిందుల పద్ధతి. స్క్రీన్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. వెయ్యిమంది జవాబులు వచ్చి చేరాక వాటిని దాచే తీరు మార్చడం మాత్రం నరకం. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి రైతుల సర్వే ఒకటి చేస్తున్నామనుకుని, పని ఏ వరసలో సాగాలో చూద్దాం.

డేటాబేస్‌లో ముఖ్యమైన టేబుళ్లు ఆరు చాలు: సర్వే, వెర్షన్ (ఆ ఫారం ఎన్నో కూర్పో), ప్రశ్న, ఆప్షన్, స్పందన, జవాబు. ఒక మనిషి ఒకసారి నింపిన ఫారం మొత్తం ఒక స్పందన. అందులో ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు వరస. ప్రతి ప్రశ్నకూ, ప్రతి ఆప్షన్‌కూ ఎన్నటికీ మారని కోడ్ ఇవ్వండి. జవాబు టేబుల్లోకి ఆప్షన్ మాట పోకూడదు, కోడ్ పోవాలి. ‘కాయ ఎవరికి అమ్మారు?’ అన్న ప్రశ్నకు మండీ 1, గుజ్జు ఫ్యాక్టరీ 2, తోటలోనే వ్యాపారికి 3 అనుకుందాం. నగరి వైపు తమిళంలో, కుప్పం వైపు కన్నడంలో కూడా ఇదే ఫారం పంపాల్సి వస్తుంది. కోడ్ ఒకటే అయితే మూడు భాషల లెక్కా దానంతటదే కలుస్తుంది.

పబ్లిష్ నొక్కిన క్షణం ఆ వెర్షన్‌కు తాళం పడాలి. అచ్చుతప్పు దిద్దనివ్వండి, అర్థం మారే మార్పు ఏదైనా కొత్త వెర్షన్‌గానే వెళ్లాలి. ‘గత ఏడాది’ని ‘ఈ సీజన్’గా అక్కడికక్కడే మార్చేస్తే పాత జవాబులూ కొత్త జవాబులూ ఒకే కుప్పలో పడతాయి, తర్వాత ఎవరూ విడదీయలేరు. ఊళ్ల జాబితాదీ ఇదే గొడవ. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు రేణిగుంట చిత్తూరు జిల్లాలో ఉండేది. అందుకే స్పందనలో మండలం కోడ్ మాత్రమే ఉంచి, ఏ మండలం ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో వేరే టేబుల్లో రాయండి.

అంకెల దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. భూమి ఎంతని ఒకే పెట్టె ఇస్తే, రెండెకరాల ఐదు సెంట్లున్న రైతు 2.5 అని కొడతాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని రెండున్నర ఎకరాలుగా చదువుతుంది. అసలు విస్తీర్ణం 2.05, తేడా 45 సెంట్లు. ఏ తనిఖీకీ ఇది దొరకదు, ఎందుకంటే 2.5 కూడా నమ్మదగిన అంకే. ఎకరాలకు ఒక పెట్టె, సెంట్లకు ఇంకొకటి పెట్టి, రెండోదాన్ని 0 నుంచి 99కి కట్టేయండి. కింద ‘2 ఎకరాల 5 సెంట్లు, సరేనా?’ అని చూపిస్తే ఇంకా మేలు.

ఖాళీ జవాబుకు కూడా రకాలున్నాయి. ప్రశ్న కనపడనే లేదు, కనపడినా వదిలేశారు, ‘తెలియదు’ అన్నారు, నిజంగానే సున్నా: ఈ నాలుగింటికీ వేర్వేరు గుర్తులు ఉండాలి. అన్నీ సున్నాలో కలిపేస్తే సగటు దిగుబడి ఉత్తినే పడిపోతుంది.

ఒక జవాబును బట్టి తర్వాతి ప్రశ్నలు చూపడమో దాటేయడమో చేసే ఏర్పాటు స్కిప్ లాజిక్. అందులో వచ్చే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే. ‘బోరు ఉందా?’ అంటే ఉందని చెప్పి, లోతు 800 అడుగులని నింపి, వెనక్కొచ్చి ‘లేదు’ అని మారుస్తారు. లోతు ప్రశ్న మాయమైనా 800 డేటాబేస్‌లోనే ఉండిపోతుంది. సబ్మిట్ వేళ సర్వర్ ఆ మనిషికి ఏయే ప్రశ్నలు రావాలో ఆ దారి మొత్తం మళ్లీ లెక్కగట్టి, దారిలో లేని జవాబులను లెక్కలోంచి తప్పించాలి.

తోటల్లో సిగ్నల్ పోతుంటుంది కాబట్టి ప్రతి పేజీకీ జవాబులు ఫోన్‌లోనే సేవ్ కావాలి. ఫారం తెరవగానే ఫోనే ఒక యూయూఐడీ, అంటే ఇంకెక్కడా రాని గుర్తింపు సంఖ్య పుట్టించాలి, సర్వర్‌లో దానికి యూనిక్ నియమం (ఒకే సంఖ్య రెండోసారి చేరనివ్వనిది) ఉండాలి. అప్పుడు ‘పంపు’ మూడుసార్లు నొక్కినా స్పందన ఒకటే. ఒకరే రెండుసార్లు నింపకుండా ఐపీ అడ్రస్‌తో (ఇంటర్నెట్‌లో ఫోన్‌కు కనిపించే చిరునామాతో) ఆపాలని చూడకండి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, ఒకరు నింపితే మిగతావాళ్లకు తలుపు మూసుకుంటుంది. మనిషికో టోకెన్ లింక్, అంటే వాళ్లొక్కరికే చెల్లే రహస్య కోడ్ ఉన్న లింక్ పంపండి. ఎస్ఎంఎస్‌లో పంపేటట్లయితే తెలుగులో ఒక మెసేజ్‌కు 70 అక్షరస్థానాలే, లింక్ చిన్నదై ఉండాలి.

ఆ అక్షరస్థానాలు కంటికి కనిపించే అక్షరాలు కావు. ‘శ్రీకాళహస్తి’ కంటికి ఐదు అక్షరాలు. అన్ని లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో 12 స్థానాలు, దాన్ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 36 బైట్లు. కాలమ్‌కు 20 బైట్ల హద్దు పెడితే పేరు మధ్యలో తెగి చెత్త గుర్తు మిగులుతుంది. స్క్రీన్ మీద లైన్ ఎత్తు అక్షరం సైజుకు 1.6 రెట్ల దాకా పెంచండి, లేకపోతే వత్తులు కింది వరసకు తగులుతాయి.

సమ్మతి పేజీ మొదట్లోనే, చదివేవాళ్ల భాషలోనే ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లు పిల్లల కిందికే వస్తారు. వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అవసరం లేకుంటే ఫోన్ నంబర్ అడగనే వద్దు.

ఎగుమతి ఫైల్‌ను మీరే ఎక్సెల్‌లో తెరిచి చూడండి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్) మొదట్లో, ఇది యూనికోడ్ అని చెప్పే బామ్ గుర్తు లేకపోతే తెలుగు గజిబిజిగా వస్తుంది. భూమి సర్వే నంబర్ 5-2 అని ఉంటే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా కట్టి ఎక్సెల్ సొంత ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైల్ ఇవ్వడమే క్షేమం.

చివరిగా ముగింపు గడువు. ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు, సర్వర్ టైమే లెక్క. గడువులోపు లింక్ తెరిచి, సిగ్నల్ లేక పంపలేకపోయిన వాళ్లకోసం ఇంకో 48 గంటలు సర్వర్ స్పందనలు తీసుకోవాలి. కొత్తగా తెరిచేవాళ్లకు మాత్రం ‘సర్వే ముగిసింది’ అని చూపాలి.