వికీలో ఎవర్నైనా బ్లాక్ చేసే ముందు

తెలుగు వికీపీడియాలో కొత్తగా నిర్వాహకులైన మన నెల్లూరు, ఒంగోలు వాళ్ళకి.

- ముందు పేజీ చరిత్ర తెరవండి, చివరి మార్పు ఒక్కటి చూసి ఊగిపోవద్దు. కందుకూరు పేజీనే అనుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఆ ఊరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది. అప్పట్లో ఒకాయన నెల్లూరు అని రాస్తాడు, ఇంకొకాయన 2011 జనాభా లెక్కలు చూపించి ప్రకాశం అని తిరగ్గొడతాడు, ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది. ఇది దుశ్చర్య (కావాలని పేజీ పాడుచేయడం) కాదండీ, తగాదా. పేజీని కొన్నాళ్ళు సంరక్షణలో పెట్టి (అంటే మార్పులకి తాళం వేసి) చర్చా పేజీకి పిలిస్తే చాలు.

- ఆ తగాదాలో మీరూ ఒక పక్షమా? బ్లాక్ బటన్ ముట్టుకోవద్దు, వేరే నిర్వాహకుణ్ణి అడగండి. మీ ఊరో, మీ కులమో, మీ హీరోనో అయితే మరీనూ!

- హెచ్చరిక వాడుకరి చర్చా పేజీలోనే ఉండాలి. వాట్సాప్‌లో చెప్పాం అంటే కుదరదు.

- బ్లాక్ చేసేది ఖాతాని కాక ఐపీని (నెట్ కనెక్షన్ నంబరుని) అయితే గడువు తక్కువ పెట్టండి. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీ చాలామందికి వెళ్తుంది, కావలిలో ఒకడు చేసిన అల్లరికి ఏ సంబంధం లేనివాళ్ళు ఆగిపోతారు.

- బ్లాక్‌కి కారణం దగ్గర "అతి చేస్తున్నాడు" అని రాయొద్దు, ఏ మార్పో లింకు ఇవ్వండి. నిరోధాల (బ్లాకుల) చిట్టా ఎవరైనా చూడొచ్చు, మామూలుగా చెరిగిపోదు.

- పాతకాపు అని వదిలేసి కొత్తవాడి మీద మాత్రం విరుచుకుపడటం మన దగ్గర బాగా ఉంది, ఒకే తప్పుకి ఒకే గడువు వేయండి.

- బ్లాక్ అయినవాళ్ళ చర్చా పేజీని మాత్రం మూసేయకండి, బ్లాక్ తీయమనే విజ్ఞప్తి అక్కడే పెట్టుకుంటారు. తేల్చేది మీరు కాకుండా ఇంకొకరు.