చికాగో చలికి పాత ఉన్ని కోటు: సెకండ్‌హ్యాండ్‌లో ఆఫీసు బట్టలు ఎలా కొనాలి

మా తాతకు ఒక నల్ల గొంగడి ఉండేది. మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో వానాకాలం పొలానికి పోయేటప్పుడు దాన్ని నెత్తిమీద కొప్పెరలా వేసుకుని పోయేవాడు. సాయంత్రానికి గొంగడి తడిసి బరువెక్కేది, తాత ఒళ్లు మాత్రం వెచ్చగా ఉండేది. "గొర్రె వానకు తడిసి సస్తదా బిడ్డా" అనేవాడు. ఆ మాట విలువ నాకు చికాగోలో రెండో చలికాలం వచ్చాక తెలిసింది.

మొదటి చలికాలం మాల్‌కి పోయి అన్నీ కొత్తవే కొన్నాను. మెరిసే పొట్టి జాకెట్టు, మూడు స్వెటర్లు, రెండు ప్యాంట్లు, అంతా కలిపి దాదాపు 300 డాలర్లు. స్వెటర్లు మూడూ అక్రిలిక్, అంటే ఉన్నిలా కనబడే ప్లాస్టిక్ దారం. పొద్దున ఏడింటికి రైలు ప్లాట్‌ఫారం మీద, బటన్ నొక్కితే వెలిగే హీటర్ దీపం కింద పదిమందితో పాటు ఒరుసుకుని నిలబడేదాన్ని. సరస్సు వైపు నుంచి గాలి వీస్తే జాకెట్టు కింద తొడలు మొద్దుబారిపోయేవి. ఆఫీసులోకి వెళ్తే అక్కడ 72 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి. గంటలో వీపంతా చెమట. అక్రిలిక్ చెమటను పీల్చుకోదు కాబట్టి ఆ తడి ఒంటికే అంటుకుని ఉండేది. సాయంత్రం ఆ తడి ఒంటితో మళ్లీ బయటికి, మైనస్ పది సెల్సియస్‌లోకి. జనవరి అంతా దగ్గుతూనే గడిచింది.

మా ఆఫీసులో ఒక పెద్దావిడ రోజూ ఒకే నల్ల ఉన్ని కోటు వేసుకుని వచ్చేది. ఎప్పుడు చూసినా చక్కగా ఉండేది, వణుకుతూ కనిపించేది కాదు. అడిగితే, పదకొండేళ్ల కింద సెకండ్‌హ్యాండ్ షాపులో ఇరవై డాలర్లకు కొన్నానంది. ఆ వారాంతమే నేనూ బయలుదేరాను.

ఫోన్‌లో చెబితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవరో ఇడిసిన బట్టలు తొడుక్కునే ఖర్మ నీకేమొచ్చింది బిడ్డా" అంది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. మన ఇళ్లలో అక్క గౌను చెల్లికి వస్తుంది, అమ్మ చీర లంగా ఓణీ అవుతుంది, కానీ బయటివాళ్లు విడిచిన బట్ట మాత్రం ఒంటిమీదికి రాదు. పాత బట్టలు మూట కట్టి స్టీలు గిన్నెల ఆమెకు ఇచ్చేస్తాం. నాకూ మొదటి రోజు చెయ్యి వెనక్కే లాగింది. మీకూ అలాగే ఉంటే ఒంటికి తగిలే వాటితో మొదలుపెట్టకండి. కోటుతో మొదలుపెట్టండి. కోటు కింద మీ బట్టలే ఉంటాయి.

షాపులో అడుగుపెట్టగానే కళ్లతో వెతకొద్దు. జనం దానంగా ఇచ్చిన పాత బట్టలు అమ్మే గుడ్‌విల్ లాంటి పెద్ద షాపులో వందల కోట్లు వరసగా వేలాడుతుంటాయి. రంగు చూసి, బ్రాండు చూసి ఒక్కోటీ తీస్తే అరగంటలో అలసిపోతారు. వరస పొడుగునా నడుస్తూ చేతిని బట్టల మీదుగా పోనివ్వండి. ఉన్ని పొడిగా, కొంచెం గరుకుగా, లోపల స్ప్రింగు ఉన్నట్టు తగులుతుంది. పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి, ముడతలు నెమ్మదిగా వాటంతట అవే విచ్చుకుంటాయి. అక్రిలిక్, పాలిస్టర్ జారుడుగా ఉంటాయి, వేళ్ల మధ్య రుద్దితే ప్లాస్టిక్ సంచిని రుద్దినట్టుంటుంది. రెండు మూడు సార్లు వెళ్లొస్తే చెయ్యే చెప్పేస్తుంది.

చెయ్యి ఆగిన చోట లేబుల్ చూడండి. మెడ వెనక లేకపోతే లోపల పక్క కుట్టు దగ్గర ఉంటుంది. ఉన్ని బట్ట మీద ఏ రకం దారం ఎంత శాతమో రాయాలని అమెరికాలో 1940ల నుంచి చట్టం ఉంది, కాబట్టి ముప్ఫై ఏళ్ల కిందటి కోటు మీద కూడా ఆ లెక్క దొరుకుతుంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'వూల్ బ్లెండ్' అని ఉంటే దానికి పడిపోకండి. శాతం చదవండి, ఉన్ని ముప్ఫైయే ఉండొచ్చు. కోటుకు నేను 70 శాతానికి తక్కువ తీసుకోను. 80 ఉన్ని, 20 నైలాన్ అయితే భేషుగ్గా తీసుకుంటాను, నైలాన్ వల్ల మోచేతుల దగ్గర, జేబుల దగ్గర తొందరగా అరగదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. తాత గొంగడి రహస్యం అదే, ఆఫీసు వేడిలో పట్టే చెమటకు మందు కూడా అదే.

తర్వాత కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పురుగు కొట్టిన చోట చుక్కలు చుక్కలుగా కాంతి కనబడుతుంది. ఒకటి రెండు చిన్న రంధ్రాలుంటే దారంతో పూడ్చుకోవచ్చు, కాలర్ కింద జల్లెడలా ఉంటే వదిలేయండి. జేబుల్లో చెయ్యి పెట్టి అడుగు చిరిగిందేమో చూడండి. చంకల దగ్గర లైనింగ్ చూడండి. ఎక్కువగా చిరిగేది అక్కడే, అది టైలర్ కుట్టేస్తాడు. గుండీ ఊడితే లోపలి అంచున అదనపు గుండీ కుట్టి ఉందేమో వెతకండి. ఇక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. కలరా ఉండల వాసన బాల్కనీలో నాలుగైదు రోజులు ఆరేస్తే చాలావరకు పోతుంది. సిగరెట్టు, సెంటు వాసనలు మాత్రం డబ్బులు పోసి డ్రైక్లీన్ చేయించినా వెచ్చబడగానే మళ్లీ లేస్తాయి. నేను రెండుసార్లు ఆశపడి కొన్నాను, రెండుసార్లూ తిరిగి దానం చేశాను.

కొలత విషయంలో ఒకే ఒక్క పట్టుదల ఉంచుకోండి: భుజం. చేతుల పొడవు తగ్గించొచ్చు, నడుం పట్టించొచ్చు, అంచు మడిచి కుట్టొచ్చు. భుజం విప్పి కుట్టాలంటే కోటు ధరకు మూడింతలు అవుతుంది, అయినా సరిగ్గా రాదు. అందుకే షాపింగుకి వెళ్లేటప్పుడే మీ దగ్గరున్న అన్నింటికన్నా మందం స్వెటర్ వేసుకుని వెళ్లండి. దాని మీద కోటు తొడిగి, రైల్లో పై కడ్డీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తండి. వీపు దగ్గర బిగిస్తే వద్దు. పొడవు మోకాలు దాటాలి. చికాగో గాలికి మోకాలి పైన ఆగే కోటు ఫొటోకు తప్ప పనికిరాదు.

మనలో చాలామందిలాగే నాదీ ఐదడుగుల ఒక అంగుళం ఎత్తు. సైజు అంకె పక్కన 'పి' అక్షరం ఉంటే అది పొట్టివాళ్ల కొలత, చేతులు సరిపోతాయి. ఇంకో మాట, మగపిల్లల వరస కూడా చూడండి. పద్నాలుగేళ్ల అబ్బాయి ఒక్క పెళ్లికి వేసుకుని వదిలేసిన నేవీ బ్లూ ఉన్ని బ్లేజర్ నాకు ఎనిమిది డాలర్లకు దొరికింది. లోపల నిజమైన జేబులున్నాయి. ఆడవాళ్ల బ్లేజర్లలో అవి కరువు.

నా కోటు దొరికింది చికాగోలోనే ఆండర్సన్‌విల్ అనే పేటలో, క్లార్క్ స్ట్రీట్ మీద. బ్రౌన్ ఎలిఫెంట్ అనే షాపు అది, ఒకప్పటి సినిమా హాల్లో ఉంది. అక్కడ వచ్చే డబ్బు ఒక ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది. మార్చి నెల, బయట మంచు కరుగుతోంది, కోట్ల వరస దగ్గర ఎవరూ లేరు. బూడిద రంగు, నూటికి నూరు శాతం ఉన్ని, పిక్కల దాకా పొడవు, ఇరవై రెండు డాలర్లు. ఇంటికొచ్చి చూస్తే వెనక చీలిక దగ్గర తెల్ల దారంతో పెద్ద ఇంటూ గుర్తు కుట్టి ఉంది. అంటే మొదట కొన్నవాళ్లు దాన్ని ఒక్కసారి కూడా సరిగ్గా వేసుకోలేదన్నమాట. ఆ కుట్టు షాపు దాకా చీలిక నలగకుండా ఉండటానికి వేసేది, వేసుకునే ముందు విప్పేయాలి. లేకపోతే అడుగు వేసినప్పుడల్లా వెనక లాగుతుంది. చిన్న కత్తెరతో నాలుగు పోగులు కత్తిరించి లాగేశాను. చేతులు రెండంగుళాలు పొడవున్నాయి. డెవాన్ అవెన్యూలో మా చీర జాకెట్లు కుట్టే హైదరాబాదీ ఆంటీ పద్దెనిమిది డాలర్లు తీసుకుని, లైనింగ్‌తో సహా తగ్గించి ఇచ్చింది. నలభై డాలర్ల ఆ కోటుతో ఇది ఐదో చలికాలం.

ఇంటికి తెచ్చిన ఏ ఉన్ని బట్టనైనా నేరుగా బీరువాలో పెట్టొద్దు, దానిలో పురుగు గుడ్లుంటే చాలు ఉన్నవన్నీ పోవడానికి. కోటు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేయండి. స్వెటర్లను ప్లాస్టిక్ సంచిలో గాలి తీసేసి గట్టిగా కట్టి, డీప్ ఫ్రీజర్‌లో ఒక వారం ఉంచండి. తీశాక ఒకరోజు బయట ఉంచి, మళ్లీ ఒక వారం పెడితే ఇంకా మంచిది. ఆ తర్వాత బకెట్‌లో చల్లటి నీళ్లు, రెండు చుక్కల బేబీ షాంపూ. పది నిమిషాలు నాననిచ్చి అదిమి నీళ్లు తీయండి, పిండొద్దు. పొడి తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో సహా చాపలా చుట్టి మోకాలితో నొక్కితే నీళ్లన్నీ తువ్వాలుకు వెళ్తాయి. ఆరేసేది కూడా పడుకోబెట్టే, దండెం మీద వేస్తే చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. వేడి నీళ్లు, మెషీన్ తిప్పుడు ఉన్నికి శత్రువులు. మా ఆయన సాయం చేద్దామని నా మెరూన్ కాష్మియర్ (మెత్తటి మేక ఉన్ని) స్వెటర్‌ను మిగతా బట్టలతో మెషీన్‌లో వేశాడు. బయటికొచ్చేసరికి అది అట్టలా గట్టిపడి, మా స్నేహితురాలి నాలుగేళ్ల పాపకు సరిపోయింది. ఆ రోజు ఏడుపొచ్చింది నాకు.

ఇక రోజూ ఏం వేసుకోవాలి. రంగులు మూడే పెట్టుకోండి, అప్పుడు ఏది ఏదానితోనైనా కలుస్తుంది. నావి బూడిద, నేవీ, మెరూన్. ఒంటికి ఆనుకుని పల్చటి థర్మల్ (లోపల తొడుక్కునే వెచ్చటి బనియన్), దాని మీద పల్చటి మెరినో (సన్నటి గొర్రె ఉన్ని) స్వెటర్, దాని మీద బ్లేజర్ గానీ ముందు గుండీలున్న కార్డిగన్ గానీ. ఒక్క మందం స్వెటర్ కన్నా రెండు పల్చనివి మేలు, ఎందుకంటే ఆఫీసులో పైది విప్పి కుర్చీకి తగిలించొచ్చు. తల మీదుగా తీసే స్వెటర్‌ను మీటింగ్‌లో విప్పలేం. కింద లైనింగ్ ఉన్న ఉన్ని ప్యాంటు, మరీ చలిగా ఉంటే దాని లోపల లెగ్గింగ్. ప్యాంటు అంచు చీలమండ పైన ఆగేలా కుట్టించుకోండి. రోడ్ల మీద చల్లే ఉప్పు మంచులో కలిసి, నేలకు రాసే అంచును తెల్లగా కొరికేస్తుంది. ఆఫీసు చెప్పులు డెస్కు కింద పెట్టుకుని, బూట్లతో వచ్చి మార్చుకోండి. బూట్ల మీద ఉప్పు మరకకు నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి గుడ్డతో తుడిస్తే చాలు.

మెడకు నేను పోచంపల్లి పట్టు స్టోల్ చుట్టుకుంటాను. పట్టు మెత్తగా ఉంటుంది కాబట్టి ఉన్ని కాలర్ గుచ్చుకోదు. బూడిద కోటు మీద ఆ మెరూన్ ఇక్కత్ అంచు కనబడితే లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆగి అడుగుతారు.

సంక్రాంతి ఇక్కడ నడి చలిలో వస్తుంది. పోయినేడు ఆఫీసుకి నారాయణపేట చీర కట్టుకుని వెళ్లాను. జాకెట్టు బదులు మెడదాకా మూసే పల్చటి కాష్మియర్ స్వెటర్, లంగా కింద ఉన్ని లెగ్గింగ్, కాళ్లకు బూట్లు. రోడ్డు మీద కుచ్చిళ్లను మోకాలి దాకా ఎత్తి పిన్నీసుతో లంగాకు పెట్టేసి, పైన కోటు వేసుకున్నాను. లోపలికి వెళ్లాక పిన్నీసు తీసేశాను. చీర అంచుకు చుక్క బురద అంటలేదు, ఒక్క క్షణం చలి వేయలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొననివి కొన్ని ఉన్నాయి. థర్మల్స్, సాక్సులు కొత్తవే. బూట్లు కొంటే అరికాలును రెండు చేతులతో వంచి చూడండి, ఏళ్ల తరబడి మూలనపడ్డ సోల్ పైకి బాగానే కనబడుతుంది గానీ రెండో రోజు నడకకే పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకో నిజం కూడా చెప్పాలి. 2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 30 సెల్సియస్ దాకా పడింది. అలాంటి రోజుల్లో ఉన్ని కోటు చాలదు, ఈకల జాకెట్టే దిక్కు. దాన్ని పాతది కొంటే తడిమి చూడండి, ఈకలు ఉండలు కట్టి మధ్యలో ఖాళీగా ఉంటే వదిలేయండి.

ఎప్పుడు వెళ్లాలంటే, జనవరి మొదట్లో. పన్ను మినహాయింపు కోసం ఏడాది ముగిసేలోపు జనం సంచులకొద్దీ తెచ్చి ఇస్తారు, జనవరి మొదటి పది రోజులు అవే వరసల్లోకి వస్తాయి. మళ్లీ మార్చి, ఏప్రిల్‌లో ఇల్లు సర్దుకునేవాళ్ల కోట్లు వస్తాయి, కొనేవాళ్లు ఉండరు. చాలా షాపుల్లో ధర చీటీకి ఒక రంగు ఉంటుంది. ఈ వారం ఏ రంగుకు తగ్గింపో బోర్డు మీద చూసుకోండి.

మే నెలలో దాచేటప్పుడు ఉతకకుండా ఒక్కటి కూడా లోపల పెట్టొద్దు. ఉన్ని తినే పురుగుకు చెమట, కూర మరక అంటిన చోటే ముందు ఇష్టం. నేను స్వెటర్లు మడిచి మూత గట్టిగా పడే డబ్బాల్లో పెడతాను. కోటు జేబులు మాత్రం తిప్పి దులుపుతాను. పోయినసారి అందులో రెండు రైలు టికెట్లు, అమ్మ కొరియర్‌లో పంపిన సకినం ముక్క ఒకటి దొరికాయి.