వానలు ముదిరేలోగా: విశాఖలో అక్రిలిక్ మీడియంలు వాడేవాళ్లకు జాగ్రత్తలు

విశాఖలో పొడి గాలి అనేది ఎండాకాలంలోనూ ఉండదు. ఇక జూన్‌లో నైరుతి వచ్చాక గదిలో తువ్వాలు కూడా ఆరదు. మనకు ఎక్కువ వాన పడేది అక్టోబరులో, తుఫాన్ల కాలం కూడా అదే. ఈ అయిదు నెలలూ అక్రిలిక్‌తో బొమ్మలు వేసేవాళ్లకు రంగులతో పెద్ద ఇబ్బంది రాదు. ఇబ్బంది వచ్చేది మీడియంలతోనే, అంటే రంగు చిక్కదనం, మెరుపు, ఆరే వేగం మార్చడానికి అందులో కలిపే ద్రవాలు, జెల్‌లు, పేస్టులతోనే. ఏ సీసా బయట ఉంచాలి, ఏది అలమరలో పెట్టెయ్యాలి అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి.

వీడియోలు చూసి నేర్చుకుంటున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది రిటార్డర్ గురించే. ఆ వీడియోలు చాలావరకు పొడి వాతావరణం ఉన్న దేశాల్లో, హీటర్లు వేసిన గదుల్లో తీసినవి. అక్కడ ప్యాలెట్ మీద రంగు చూస్తుండగానే గట్టిపడిపోతుంది, అందుకని ఆలస్యంగా ఆరేందుకు రిటార్డర్ కలుపుతారు. సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఆగస్టులో ఆ అవసరం లేదు. ఇక్కడి గాలే సగం రిటార్డర్.

ఎందుకో అర్థం కావాలంటే అక్రిలిక్ ఎలా ఆరుతుందో తెలియాలి. సీసాలోని మీడియం అంటే నీళ్లలో తేలే అతి చిన్న ప్లాస్టిక్ రేణువులు. నీరు కొంత గాలిలోకి పోతుంది, కొంత కాన్వాస్ పీల్చుకుంటుంది. అప్పుడు రేణువులు దగ్గరికి జరిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని పొరగా మారతాయి. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి ఆరాక పారదర్శకంగా మారేది అందుకే. గాలిలో తేమ ఎక్కువైతే నీరు పోవడం నెమ్మదిస్తుంది. పైపొర పాల మీద మీగడలా ముందే కట్టేసి, లోపల తడి అలాగే ఉండిపోతుంది. వేలికి అంటనంత మాత్రాన ఆరినట్టు కాదు.

ఆరిందో లేదో చూడ్డానికి నేను రెండు పనులు చేస్తాను. బొమ్మను కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని, జెల్ (చిక్కటి మీడియం) మందంగా ఉన్న చోట లోపల లేత తెలుపు మబ్బు కనిపిస్తోందేమో చూస్తాను. తర్వాత చేతి వెనుక భాగాన్ని బొమ్మకీ, పక్కన ఉన్న ఖాళీ కాన్వాస్‌కీ ఆనిస్తాను. బొమ్మ చల్లగా తగిలితే నీరు ఇంకా పోతూనే ఉన్నట్టు. ఈ రెండూ దాటిన తర్వాతే మీద ఇంకో పొర. పల్చటి పొరకు ఇక్కడ వానల్లో కూడా పూట సరిపోతుంది కానీ, పావు అంగుళం మందం జెల్‌కి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

రిటార్డర్ సంగతి

రిటార్డర్‌లో బైండర్, అంటే రంగును పట్టి పొర కట్టించే పదార్థం, ఉండదు. అందులో ఉండేది ఎక్కువగా గ్లైకాల్ జాతి ద్రవం, నీటిని పట్టి ఉంచడమే దాని పని. రంగులో నూటికి పది, పదిహేను పాళ్లకు మించకూడదని తయారీదారులు మామూలుగా చెప్తారు. సీసా వంచి కంటి అంచనాతో పోసేవాళ్లు ఆ హద్దు ఎప్పుడో దాటేస్తారు. లాసన్స్ బే కాలనీలో ఉండే ఒకమ్మాయి పోయిన వానల్లో ఫోను చేసి, "అక్కా, వేసి వారమైంది, ఇంకా వేలు పెడితే ముద్ర పడుతోంది, పైగా దోమ కూడా అంటుకుంది" అంది. బొమ్మ చూస్తే ఆకాశం అంతా జిగట. రంగులో దాదాపు మూడోవంతు రిటార్డరే. అలాంటి పొరకు మందు లేదు. వార్నిష్ వేసి దాచాలని చూస్తే ఆ జిగట దాని కింద బందీ అయిపోతుంది. గోకేసి మళ్లీ వెయ్యాల్సిందే, ఆ అమ్మాయి అలాగే చేసింది.

రంగులు ఒకదానిలోకి ఒకటి కలిపేందుకు సమయం కావాలంటే రిటార్డర్ బదులు, పల్చటి పారదర్శక పొరలకు వాడే గ్లేజింగ్ మీడియం తీసుకోండి. అదీ నెమ్మదిగా ఆరుతుంది, కానీ బైండర్ ఉంటుంది కాబట్టి పొర గట్టిగా కడుతుంది. ప్యాలెట్ మీద రంగు ఎండకుండా ఉండాలంటే నీళ్ల స్ప్రే చాలు. రిటార్డర్‌కి మన దగ్గర కూడా కాలం ఉంది: ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ అయిదు మీద పెట్టుకుని పని చేస్తున్నప్పుడు. అప్పుడు కూడా కొలిచి చుక్కలుగానే వాడాలి.

రంగు సాఫీగా పారేందుకు కలిపే ఫ్లో ఇంప్రూవర్ విషయంలోనూ చెయ్యి తేలిక కావాలి. అది సబ్బు లాంటి గుణం ఉన్న పదార్థం. లేబుల్ మీద చెప్పినంత నీళ్లలో కలిపి, ఆ నీళ్లనే రంగులోకి వాడాలి. ఎక్కువైతే పొర బలహీనపడి తడి తగిలితే మెత్తబడుతుంది. నిజానికి అక్రిలిక్ రంగుల్లోనే ఇలాంటి పదార్థాలు కొన్ని ముందే ఉంటాయి. నెమ్మదిగా ఆరినప్పుడు అవి పైకి తేలి బూడిదరంగు మచ్చలుగానో, జారుడు పొరగానో కనిపిస్తాయి. బొమ్మ పూర్తిగా ఆరాక మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతాయి. బూజు అనుకుని గాబరా పడొద్దు.

గ్లాసా, మ్యాటా?

పొరలు పెంచడానికి మెరుపుతో ఆరే గ్లాస్ మీడియం, చివర్లో మెరుపు తగ్గించడానికి మాత్రమే మ్యాట్. మ్యాట్ మీడియంలో మెరుపును చంపే సన్నటి పొడి ఉంటుంది. ఒక పొరకి ఫర్వాలేదు కానీ, నాలుగు పొరలు పడితే ముదురు నీలం, నలుపు మీద సుద్ద జల్లినట్టు అవుతుంది. ఆ తెలుపు పొడి వల్ల వచ్చిందా, ఆరని తడి వల్ల వచ్చిందా అన్నది వానాకాలంలో చెప్పడం కష్టం. అందుకే ఈ నెలల్లో నేను మ్యాట్ సీసా మూత తియ్యనే తియ్యను.

బొమ్మ మీద ఉబ్బెత్తు కోసం వేసే మోడలింగ్ పేస్టు, రంగును ఒలికించి వేసేందుకు కలిపే పోరింగ్ మీడియం వాడేవాళ్లు తొందరపడితే ఇంకో రకంగా నష్టపోతారు. ఆరడం లేదు కదా అని ఫ్యాన్ ఎదురుగా పెట్టినా, తెరిపి ఇవ్వగానే డాబా మీద ఎండలో పెట్టినా పైపొర ఒక్కసారిగా బిగుసుకుంటుంది, కింద తడి ఉండటంతో చీలుతుంది. పేస్టును రెండు మూడు మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కోటీ ఆరాక ఇంకోటి వెయ్యాలి. ఫ్యాన్ తిరిగినా గాలి గోడకు కొట్టి రావాలి, బొమ్మకు నేరుగా తగలకూడదు. ఏసీ ఉంటే డ్రై మోడ్ పెట్టండి, ఆ గది ఈ ఊళ్లో బంగారం. ఆరిన పేస్టును పాలిష్ కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

కొనే ముందు

కొత్తవాళ్లకు సాఫ్ట్ జెల్ గ్లాస్ ఒకటి, పల్చటి గ్లాస్ మీడియం ఒకటి చాలు. క్యామెల్, ఫెవిక్రిల్, బ్రస్ట్రో లాంటివి మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి, లిక్విటెక్స్, విన్సర్ అండ్ న్యూటన్ ఖరీదు ఎక్కువ. ఏదైనా చిన్న సీసా కొనండి. లీటరు డబ్బా చౌక అనిపిస్తుంది గానీ వానల్లో పదేపదే మూత తీసి, రంగు బ్రష్ ముంచితే బూజు పట్టడం ఖాయం. శుభ్రమైన చెంచాతో కావలసినంత తీసుకుని, మూత మరలు తుడిచి బిగించాలి. కుళాయి నీళ్లు కలిపి పల్చన చేసింది మళ్లీ సీసాలో పొయ్యకండి. పుల్లటి వాసన వచ్చినా, కదిపితే గడ్డలు కనిపించినా ఆ సీసా పని అయిపోయింది. సీసాను గిలక్కొట్టడం మాత్రం వద్దు. నురగ పుట్టి, ఆ బుడగలు బొమ్మ మీద సూది రంధ్రాలుగా మిగులుతాయి.

తెల్ల జిగురులో నీళ్లు కలిపి మీడియంగా వాడమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. బడి ప్రాజెక్టుకి సరే. ఆ జిగురు పాలీవినైల్ అసిటేట్, తేమలో మళ్లీ మెత్తబడే గుణం దానిది. డబ్బు తీసుకుని ఇచ్చే బొమ్మలో అది వెయ్యకండి, మన ఊళ్లో అయితే అసలే వద్దు. నీటితో కలిసే ఆర్టిస్టు అక్రిలిక్‌లు లిక్విటెక్స్ పేరుతో బజారుకి వచ్చింది 1955లో. అంటే ఈ మాధ్యమం వయసు డెబ్బై ఏళ్లే. ప్రయోగాలు చేసుకోండి, కానీ అమ్మే బొమ్మ మీద కాదు.

దాచడం, వార్నిష్

ఆరిన అక్రిలిక్ కూడా వేడికి మెత్తబడుతుంది. రెండు బొమ్మలు ఎదురెదురుగా ఆనించి పెడితే విడదీసేటప్పుడు ఒకదాని రంగు రెండోదానితో వచ్చేస్తుంది. బబుల్ ర్యాప్ బుడగలు లోపలివైపు పెట్టి చుడితే గుండ్రటి ముద్రలు వరుసగా పడి ఉండిపోతాయి. మధ్యలో సిలికాన్ పూసిన బేకింగ్ పేపర్ వెయ్యండి. కాన్వాస్‌ను గోడకు ఆనించకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచితే వెనకవైపు బూజు పట్టదు. బీచ్ రోడ్డుకి దగ్గరలో ఉంటే ఇనుప పిన్నులు తుప్పు పట్టి గుడ్డకు మరకలు దిగుతాయి, స్టీలువి అడిగి వేయించుకోండి.

వార్నిష్ గురించి నా మాట సూటిగా చెప్తాను: వీలైతే డిసెంబరు దాకా ఆగండి. తేమలో స్ప్రే వార్నిష్ కొడితే తెల్లటి పొగమంచులా కమ్ముతుంది. తప్పదనుకుంటే నాలుగైదు వందలు పెట్టి చిన్న హైగ్రోమీటర్ కొనండి, తేమ 70 శాతం కన్నా తక్కువ చూపించిన రోజున, ఎండెక్కాక, సముద్రం వైపు కిటికీలు మూసి బ్రష్‌తో వెయ్యండి. దాని కింద సాఫ్ట్ జెల్ గ్లాస్ రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి ఒక పొర ముందే వేసి ఆరబెడితే, రేపు వార్నిష్ తీసేయాల్సి వచ్చినా రంగు ఊడదు. స్ప్రే డబ్బా మాత్రం మూసిన గదిలో ఎప్పుడూ కొట్టకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్యాను, ఏసీ రెండూ లేకపోతే పైన చెప్పిన జాగ్రత్తల్లో సగం పనిచెయ్యవు. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి అల్పపీడనం మాట వినగానే మందమైన జెల్ పని మొదలుపెట్టకండి. తడి బొమ్మలను ప్లాస్టిక్‌లో చుట్టొద్దు, కిటికీలకు దూరంగా లోపలి గదిలో అలమర పైన పెట్టండి. ఆరినవాటిని చుట్టి, నేల మీద నుంచి ఎత్తులో ఉంచండి.

దసరాకో దీపావళికో బొమ్మ కావాలని ఎవరైనా ఇప్పుడు అడిగితే ఒప్పుకునే ముందే చెప్పండి: బొమ్మ పండక్కి ఇస్తాను, వార్నిష్ మాత్రం డిసెంబరులో మీ ఇంటికి వచ్చి వేసి వెళ్తాను అని. ఎందుకో చెప్తే ఈ ఊరివాళ్లకు అర్థం చేసుకోవడం కష్టం కాదు.