బాక్సాఫీస్ చార్టు ఎక్కడ తప్పుతోంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

తిరుపతిలో డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు డేటా మీద మినీ ప్రాజెక్టు ఇస్తే ముందు తట్టేది సినిమానే. డేటా ఊరికే దొరుకుతుంది, విషయం అందరికీ తెలిసిందే, వైవా రోజు గైడ్ కూడా ఉత్సాహంగా వింటాడు. ప్రశ్న కూడా దాదాపు ఒకటే ఉంటుంది: సినిమా ఆడేది దేని వల్ల? బడ్జెట్టా, హీరోనా, పండగా? నాలుగు చార్టులు గీయగానే జవాబు దొరికేసినట్టు అనిపిస్తుంది.

నాకు అనుమానం మొదలయ్యేది అక్కడే. ఈ చార్టుల్లో కనిపించే వింతల్లో చాలావాటికి ప్రేక్షకుడితో సంబంధం ఉండదు. లెక్క రాసిన తీరు వల్ల పుట్టినవే ఎక్కువ. ఆ కాలమ్‌లో ఉన్నది ఎవరి డబ్బు, ఏ టికెట్ రేటుకు వచ్చింది, ఏ ప్రాంతానిది అన్నది తేలకుండా "కారణం" అనే మాట ఎత్తకూడదు. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు కింద ఉన్నాయి. మీ చార్టుకు ఏది వర్తిస్తే నేరుగా అక్కడికి వెళ్లండి.

చుక్కలన్నీ ఎడమ మూలలో కుప్ప పడ్డాయి

బడ్జెట్ అడ్డంగా, వసూళ్లు నిలువుగా పెట్టి గీస్తే ఇలాగే వస్తుంది. 5 కోట్ల సినిమా, 500 కోట్ల సినిమా ఒకే మామూలు స్కేలు మీద ఉంటే చిన్నవన్నీ ఒక మచ్చలా కలిసిపోతాయి. ఎక్సెల్‌లో అయితే అక్షం మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్ యాక్సిస్‌లోకి వెళ్లి లాగరిథమిక్ స్కేల్ టిక్కు పెట్టండి. రెండు అక్షాలకూ పెట్టాలి. అప్పుడు ఒక్కో గీతా ముందు గీతకు పది రెట్లు అవుతుంది, చిన్న సినిమాల మధ్య తేడాలు కూడా కనిపిస్తాయి. సగటు బదులు మధ్యగతం (మీడియన్, అంటే వరసలో పెడితే సరిగ్గా నడిమధ్య వచ్చే అంకె) చూపించండి. ఒక్క పెద్ద హిట్టు ఆ ఏడాది సగటును ఎక్కడికో లాక్కెళ్తుంది.

కింద సున్నా గీత మీద బారుగా చుక్కలు

డేటా ఫైళ్లు ఉచితంగా దొరికే కాగిల్ అనే సైటులోని టీఎమ్‌డీబీ 5000 (దాదాపు ఐదు వేల సినిమాల వివరాల) ఫైలు వాడినవాళ్లందరికీ ఇది ఎదురవుతుంది. అందులో బడ్జెట్ 0 అని ఉంటే ఆ సినిమా ఉచితంగా తీశారని కాదు, బడ్జెట్ ఎంతో నమోదు కాలేదని. ఆ సున్నాలను ఖాళీ గడులుగా మార్చండి. వాటిలో సగటు నింపే పని మాత్రం చేయకండి, లేని సంబంధాన్ని మీరే పుట్టించినట్టు అవుతుంది. ఎన్ని వరసలు తీసేశారో, అవి ఎలాంటి సినిమాలో రిపోర్టులో రాయండి. ఎక్కువగా పోయేవి చిన్నవీ పాతవీ అయితే, మిగిలిన చార్టు పెద్ద సినిమాల గురించే మాట్లాడుతుంది.

అదే ఫైలుతో ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. ఒక సినిమాకు యాక్షన్, అడ్వెంచర్, ఫాంటసీ అని మూడు జానర్లు ఉంటే, వాటిని విడగొట్టాక దాని వసూళ్లు మూడు చోట్లా పూర్తిగా లెక్కకొస్తాయి. మొదటి వరసలోని అవతార్‌నే చూడండి. 23.7 కోట్ల డాలర్ల బడ్జెట్‌తో 278 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిన ఆ సినిమా ఒక్కటే తనకున్న జానర్లన్నిటి కడ్డీలనూ (బార్లనూ) లేపుతుంది. జానర్ల మొత్తాలు కూడితే పరిశ్రమ మొత్తం కన్నా ఎక్కువ రావడం ఇందుకే. మొత్తాలు మానేసి జానర్‌కో మధ్యగతం చూపించండి. రెండో చిక్కు ఏమిటంటే, ఆ ఫైలులో దాదాపు అన్నీ ఇంగ్లీషు సినిమాలే. దాని మీద గీసిన గ్రాఫుకు "టాలీవుడ్ విజయ రహస్యాలు" అని పేరు పెడితే వైవాలో దొరికిపోతారు.

ఒకే సినిమాకు, ఒకే వారానికి రెండు వేర్వేరు అంకెలు

తెలుగు సినిమాల లెక్కలు సొంతంగా పోగేసేవాళ్లకు ఇదే పెద్ద తలనొప్పి. ఒక చోట 60 కోట్లు, ఇంకో చోట 100 కోట్లు అని ఉంటుంది. ఎవరో అబద్ధం రాశారని తేల్చేసే ముందు ఒకటి గ్రాసా, ఇంకొకటి షేరా చూడండి. గ్రాస్ అంటే ప్రేక్షకుడు కౌంటర్లో కట్టిన మొత్తం. అందులో జీఎస్టీ పోవాలి, థియేటర్ వాళ్ల భాగమో అద్దో పోవాలి. ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేదే షేర్. బయ్యర్‌కు (ఆ ప్రాంతం హక్కులు కొన్నవాడికి) సినిమా గట్టెక్కిందా లేదా అన్నది షేర్‌ను బట్టే తేలుతుంది. పోస్టర్ మీద వేసేది మాత్రం గ్రాస్.

గ్రాస్‌ను ఒకే శాతంతో గుణించి షేర్ చేసేద్దామంటే కుదరదు, ఎందుకంటే ఆ శాతం నిలకడగా ఉండేది కాదు. జీఎస్టీ వచ్చిన 2017 జులైలో 100 రూపాయల వరకు టికెట్‌పై 18 శాతం, ఆ పైన 28 శాతం ఉండేది. 2019 జనవరి నుంచి అవి 12, 18 అయ్యాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల వరకు 5 శాతమే. థియేటర్ భాగం కూడా వారాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతుంది. అందుకని షీటులో గ్రాస్‌కు ఒక కాలమ్, షేర్‌కు ఒక కాలమ్ వేరుగా పెట్టండి. తెలియనిది ఖాళీగా వదిలేయండి. ఏదో ఒకదానితోనే చార్టు గీయండి, రెండూ కలపకండి.

ఓవర్సీస్ అంకెలకు ఇంకో మెలిక ఉంది. 2015 జులైలో డాలర్ 63, 64 రూపాయల దగ్గర ఉండేది. 2022 మార్చికి 76 దగ్గరికి చేరింది. అమెరికాలో అదే పది లక్షల డాలర్లు రూపాయల్లో కోటికి పైగా పెరిగిపోతాయి, ఒక్క ప్రేక్షకుడు కూడా పెరగకుండానే. విదేశాల లెక్కను డాలర్లలోనే ఉంచి పోల్చండి.

మొదటి రోజు గోడ మాదిరి లేచి, రెండో రోజు పడిపోయింది

"టాక్ బాగలేదు, అందుకే పడిపోయింది" అని గ్రాఫు కింద రాయడానికి తొందరపడకండి. కొన్ని థియేటర్లు డిస్ట్రిబ్యూటర్‌కు ఇంత అని ముందే కట్టి సినిమా ఆడించుకుంటాయి. దీన్ని ట్రేడ్‌లో హైర్ అంటారు. వారానికో, ఎక్కువ రోజులకో కట్టిన ఆ డబ్బు చాలాసార్లు మొదటి రోజు షేర్‌లోనే వేసేస్తారు. అంటే ఇంకా అమ్మని టికెట్ల డబ్బు కూడా మొదటి కడ్డీలో ఉంటుంది. దానికి తోడు పెంచిన రేట్లు, అదనపు షోలు, ముందురోజు రాత్రి ప్రీమియర్లు. రెండో రోజు మామూలుగా ఆడినా పడిపోయినట్టే కనిపిస్తుంది.

"హైర్లతో కలిపి" అని రాసిన అంకెలకు షీటులో గుర్తు పెట్టుకోండి. హైర్ ఎంతో తెలిస్తే తీసేయండి. తెలియకపోతే మొదటి రోజును పక్కన పెట్టి, మొదటి ఆదివారాన్నీ ఆ తర్వాతి సోమవారాన్నీ పోల్చండి. టాక్ సంగతి సోమవారమే చెబుతుంది. మా వైపు సినిమా పిచ్చోళ్లకు ఈ విషయం చార్టు అవసరం లేకుండానే తెలుసు. "సోమవారం ఫస్ట్ షో చూద్దాం లే అన్నా" అంటారు.

2021, 2022లో సీడెడ్ (ట్రేడ్‌లో రాయలసీమ) గీత ఉన్నట్టుండి కుంగింది

కరోనా అని రాసేసి ముందుకు పోయే చోటు ఇది. కరోనా పాత్ర కొంత ఉంది, కానీ ఆంధ్రప్రదేశ్‌లో అదే సమయంలో ఇంకొకటి జరిగింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 టికెట్ రేట్లకు గట్టి పరిమితి పెట్టింది. గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని థియేటర్లో అన్నిటికన్నా కింది తరగతి టికెట్ 5 రూపాయలు. 2022 మార్చి 7న జీవో 13 వచ్చాక కనీస ధర 20 రూపాయలైంది. పైగా నటుల, దర్శకుడి పారితోషికాలు కాకుండా 100 కోట్లు దాటిన బడ్జెట్ ఉన్న సినిమాలకు మొదటి పది రోజులు రేట్లు పెంచుకునే వెసులుబాటు కూడా ఇచ్చారు.

దీని ప్రభావం చూడాలంటే రెండు తేదీలు పక్కపక్కన పెట్టండి. భీమ్లా నాయక్ 2022 ఫిబ్రవరి 25న పాత రేట్ల మీద విడుదలైంది. ఆర్‌ఆర్‌ఆర్ సరిగ్గా నెల తర్వాత, మార్చి 25న, కొత్త రేట్ల మీద, ఆ పైన టికెట్‌కు 75 రూపాయల పెంపుతో వచ్చింది. పుత్తూరులో ఒకే హాలు రెండు సినిమాలకూ నిండిందనుకోండి, డబ్బు మాత్రం ఒకటి కాదు. ఆ తేడాను హీరోల ఖాతాలోనో దర్శకుడి ఖాతాలోనో వేస్తే అన్యాయం.

పరిష్కారం రెండు రకాలు. సగటు టికెట్ ధర తెలిస్తే వసూళ్లను దానితో భాగించి తలల లెక్కకు రండి. తెలియకపోతే సీడెడ్ వసూలును నైజాం (ట్రేడ్‌లో తెలంగాణ) వసూలుతో భాగించి, ఆ నిష్పత్తిని గీయండి. జీవో 35 తెలంగాణకు వర్తించదు. సినిమా బాగలేకపోతే రెండు చోట్లా పడుతుంది, నిష్పత్తి పెద్దగా కదలదు. రేట్ల వల్ల పడితే నిష్పత్తి కుంగుతుంది. ఒక జాగ్రత్త ఉంది. 2021 డిసెంబర్‌లో తెలంగాణ రేట్లు పెంచుకోనిచ్చింది. అందువల్ల ఆ నెల నుంచి నిష్పత్తి రెండు వైపుల నుంచీ కదులుతుంది. గ్రాఫు మీద ఏప్రిల్, డిసెంబర్, మార్చిలకు మూడు నిలువు గీతలు గీస్తే చూసేవాళ్లకు సగం పని తగ్గుతుంది.

జిల్లా మ్యాపులో రంగులు అతకడం లేదు

సినిమా ట్రేడ్ ఏరియాలకూ ప్రభుత్వ జిల్లాలకూ పొంతన ఉండదు. ట్రేడ్‌లో చిత్తూరు సీడెడ్ కింద, నెల్లూరు విడిగా. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట ఇటు కలిసింది. సినిమా లెక్కల్లో మాత్రం అది నెల్లూరు వైపుదే. జిల్లా పేరుతో రెండు పట్టికలను కలిపితే సూళ్లూరుపేట ఏదో ఒక చోట తప్పుగా పడుతుంది. జిల్లాతో పాటు ట్రేడ్ ఏరియాకు ఒక కాలమ్ పెట్టి, ఊరి స్థాయిలో కలపండి. నగరి మనిషి తిరుత్తణికి పోయి సినిమా చూస్తే ఆ టికెట్ తమిళనాడు ఖాతాలో పడుతుంది. సరిహద్దు ఊళ్ల అంకెలను ఆ మేరకే నమ్మండి.

తలసరి వసూలు లెక్కగట్టి తిరుపతిని రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలబెట్టే ప్రాజెక్టులు కూడా వస్తుంటాయి. 2011 జనాభా లెక్కల్లో నగరం 2.87 లక్షలు. చంద్రగిరి, రేణిగుంట నుంచి వచ్చేవాళ్లు, హాస్టళ్ల పిల్లలు, యాత్రికులు ఎవరూ ఆ భాగహారంలో లేరు. జనాభా వదిలేసి, సీట్లను షోలతో గుణించి దానితో భాగించండి. హాలు ఎంత నిండిందో తెలుస్తుంది, మీకు కావలసింది అదే.

సంక్రాంతి కడ్డీ అన్నిటికన్నా పొడవు

"పండగకు వదిలితే హిట్టు" అనే ముగింపు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. ఆ తేదీల కోసం ముందే పోటీపడి పట్టుకునేది పెద్ద హీరోలు, పెద్ద బ్యానర్లు. కాబట్టి ఆ కడ్డీ పొడవులో పండగ ఎంత, హీరో ఎంత అన్నది ఆ చార్టు చెప్పలేదు. సినిమాలను బడ్జెట్ స్థాయిల వారీగా విడదీసి, ఒక్కో స్థాయిలో పండగ సినిమాలను మిగతా నెలల సినిమాలతో పోల్చండి. తేడా చాలావరకు సన్నబడితే, పండగ పేరుతో మీరు కొలిచింది బడ్జెట్‌ను.

ఇంకో మంచి దారి, ఒకే పండగకు వచ్చిన సినిమాలను పక్కపక్కన పెట్టడం. 2024 సంక్రాంతికి జనవరి 12న గుంటూరు కారం, హనుమాన్, 13న సైంధవ్, 14న నా సామి రంగ వచ్చాయి. సెలవులు నలుగురికీ అవే. హనుమాన్‌కు తెలుగు రాష్ట్రాల్లో మొదట దక్కిన థియేటర్లు తక్కువ, ప్రపంచవ్యాప్త మొత్తంలో మాత్రం అదే ముందు నిలిచింది. ఇక్కడ చూడాల్సిన చార్టు మొదటి రోజు కడ్డీ కాదు, రోజువారీ థియేటర్‌కు సగటు వసూలు. అందులో థియేటర్ల సంఖ్య ప్రభావం తగ్గి, జనం ఆదరణ బయటికి వస్తుంది.

ఓట్ల సంఖ్యే అన్నిటికన్నా బలమైన "కారణం"గా తేలింది

కోరిలేషన్ పట్టికలో (ఏ రెండు కాలమ్‌లు కలిసి కదులుతున్నాయో చూపే పట్టికలో) వసూళ్లతో అన్నిటికన్నా దగ్గరగా ఉండేది తరచూ ఓట్ల సంఖ్యే, అంటే సైటులో సినిమాకు రేటింగ్ ఇచ్చినవాళ్ల లెక్క. జనం సినిమా చూశాకే ఓటేస్తారు. అది ఫలితం, కారణం కాదు. విడుదలకు ముందు రోజు మీకు తెలిసి ఉండే కాలమ్‌లే ఉంచి, మిగతావి తీసేయండి.

పాత సినిమాలు 100 రోజులు, కొత్తవి మూడు వారాలు

రీలు ప్రింట్ల కాలంలో ప్రింట్లు తక్కువ. సినిమా ముందు తిరుపతి లాంటి 'ఎ' సెంటర్లో (పెద్ద ఊళ్లో) ఆడి, తర్వాత షిఫ్టింగ్‌లో, అంటే అవే ప్రింట్లతో, బి, సి సెంటర్లకు (చిన్న ఊళ్లకు) పోయేది. చూడాలనుకున్నవాళ్లందరూ ఆ కొద్ది హాళ్లలోనే చూడాలి కాబట్టి రోజులు పెరిగేవి. డిజిటల్ వచ్చాక అన్ని ఊళ్లలో ఒకే రోజు పడుతోంది, ఆపైన కొన్ని వారాలకే ఓటీటీ. రోజుల సంఖ్యను రెండు తరాల మధ్య కొలతగా వాడొద్దు. మొత్తం షోలు, అమ్ముడైన టికెట్లు దొరికితే వాటిని పోల్చండి. దొరక్కపోతే ఒక్కో దశకానికి విడిగా చార్టు గీసి, ఆ దశకంలోని సినిమాలను మాత్రమే పోల్చండి.

చార్టు మీద తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తున్నాయి

పైథాన్‌లో చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డేజావూ సాన్స్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెడితే డబ్బాలు పోతాయి కానీ, ఒత్తులు, గుణింతాలు విడిపోయి అచ్చవ్వవచ్చు, ఎందుకంటే సంయుక్తాక్షరాలను అమర్చే పని ఫాంటు ఒక్కటే చేయలేదు. ప్లాట్లీ అనే ఇంకో చార్టు లైబ్రరీతో గీసి బ్రౌజర్‌లో తెరిస్తే ఆ పని బ్రౌజర్ చేసిపెడుతుంది. లేదంటే పాండాస్‌లో (పైథాన్‌లో పట్టికల లైబ్రరీ) లెక్కలు పూర్తిచేసి, పట్టికను ఎక్సెల్‌లోకో గూగుల్ షీట్స్‌లోకో పంపి అక్కడే చార్టు గీయండి. ప్రింటు తీసే ముందు పీడీఎఫ్‌లో ఒకసారి "సంక్రాంతి" అనే లేబుల్ చూడండి. క్ర సరిగ్గా పడితే మిగతావి కూడా చాలావరకు సరిగ్గానే పడతాయి.